కదలని గదికి కాపలా

మా ఊరి పేరుకు అర్థం పడవ.
వూచ్. పెదాలు సున్నా చుట్టి గాలి వదిలితే చాలు.
చెప్పుకోదగ్గ నది లేదు,
ఉన్న వాగుల్ని మిల్లుల కిందికీ రోడ్ల కిందికీ తోసేశారు.
అయినా పడవే.

మూడో అంతస్తు, చివరి గది.
నాకో కుర్చీ, జేబుకో బ్యాడ్జి, మెడలో తాళాలు.
ఎదుటి గోడకి ఆ బొమ్మ:
తెల్ల చెక్క మీద నిలువునా నల్ల గీతలు,
రెండు వందల పన్నెండు.
ఎవరూ రాని ఒక ఫిబ్రవరిలో లెక్కపెట్టాను.
నూటనలభై దగ్గర రెండుసార్లు తప్పి
మళ్ళీ మొదట్నుంచి.
నూటనలభై దగ్గరే అవి కొంచెం నడుం వంచుతాయి,
నీళ్ళబిందె ఎత్తుకునే మనిషిలా.

జనం వస్తారు. ముందు ఏమీ అనరు.
కాసేపటికి ఒక కాలి మీది బరువు ఇంకో కాలికి మారుస్తారు.
"ఊగుతోంది" అంటుంది ఒకామె, భర్త మోచెయ్యి పట్టుకుని.
"ఊగడమేంటి, పారుతుంటే" అంటాడతను.
ఒక పిల్లాడు గోడకి చెంప ఆనించి, చెక్క వెనక సందులోకి చూశాడు,
మోటారు ఎక్కడుందోనని.
లేదు నాయనా అన్నాను.
నమ్మలేదు. పెద్దవాళ్ళ మాట వాడికి కొత్తా?

కళ్ళ డాక్టరొకాయన, వానకి లోపలికొచ్చి, చెప్పాడు:
చూపు నిలపడమన్నది లేదట.
రెప్ప కూడా వెయ్యకుండా చూస్తున్నా
కనుగుడ్డు లోలోపల వణుకుతూనే ఉంటుందట,
ఆ వణుకు ఆగితే ఎదుటిది చెరిగిపోతుందట.
గొడుగు మర్చిపోయి వెళ్ళాడు.
ఇంకా నా దగ్గరే ఉంది.

నా లెక్క వేరు.
పద్దెనిమిదేళ్ళు మరమగ్గాల హాల్లో నిలబడ్డాను,
పన్నెండు మగ్గాలు నా వంతు.
పడుగు పరుగెత్తుతుంటే పరుగు కనపడదు,
ఆరేసిన దుప్పటిలా ఊరికే ఉంటుంది.
తెగిన పోగు ఒక్కటే కదుల్తుంది.
అప్పుడు చెయ్యి ముందు పోతుంది,
బుద్ధి వెనకాల పరిగెడుతుంది.
తొంభై రెండులో మగ్గాలు ఆపేసి
ఇనుము కింద తూచి అమ్మారు.
ఆ రాత్రి పడుకుంటే మంచం ఊగింది.
వారం రోజులు ఊగింది.
కాలెండరు గళ్ళు, కర్టెను చారలు, దువ్వెన పళ్ళు
అన్నీ నేత నేస్తూనే ఉన్నాయి.

గురువారాలు టికెట్టు లేదు.
సెవెరిన్ గాయ్దా గారు వస్తారు.
వణుకు జబ్బు.
కోటు గుండీ ఒక్కదానికి ఒక ట్రామ్ వచ్చి వెళ్ళేంత సేపు.
సాయానికి లేచానా, కోపం.
బొమ్మ ముందు నిలబడితే
గడ్డం, వేళ్ళు, చేతిలోని టోపీ,
అన్నీ దేనికది ఆడుతుంటాయి.
ఒకసారి ఉండబట్టలేక అడిగాను:
మీకు తల తిరగదా, అదలా ఊగుతుంటే?
"ఏది?"
బొమ్మ.
చాలాసేపు చూశారు.
"గది ఊగుతుంది. మీరు ఊగుతారు. చెంచాలో పులుసు సంగతి అడక్కండి.
ఇదొక్కటే అమ్మా, నాకు నిలకడగా ఉండేది.
పక్కపక్కన పోయే రెండు రైళ్ళలో
కిటికీ ఎదురుగా కిటికీ ఆగదూ, అలా."
టోపీ పెట్టుకోబోయారు. మూడోసారికి కుదిరింది.

ఈ శీతాకాలం ఆయన రావట్లేదు.
నేను ఎవర్నీ అడగలేదు.

నిన్న సాయంత్రం దీపాలు ఒక్కో వరసే ఆర్పుతూ వచ్చి
చివరి వరస ముందు ఆగాను.
కళ్ళు మూస్తే నల్లవి తెల్లవై,
నూటనలభై దగ్గర నడుం వంచి,
ఎటో ఒక పోగు తెగింది.
చెయ్యి లేచింది.
పదహారేళ్ళుగా ముట్టుకోవద్దని ఊరందరికీ చెప్పేదాన్ని,
చెక్కకి జానెడు దూరంలో
నన్ను నేనే పట్టుకున్నాను.

కింద ట్రామ్ మలుపు తిరిగింది.
గాల్లో నా వేళ్ళు సన్నగా వణుకుతున్నాయి.
వాటి వెనక గీతలు
ఊరికే ఉన్నాయి.